మడమ నొప్పి నరం వల్ల వచ్చిందని ఏ లక్షణాలను బట్టి గుర్తించాలి?

ప్రశ్న: లెక్కల టీచరు, ఎంవీపీ కాలనీ

నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను, వయసు 46. పీరియడ్ల మధ్య కూర్చునే వీలు పెద్దగా ఉండదు కాబట్టి పగటి వేళ ఎక్కువ భాగం నిలబడే ఉంటాను. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచినప్పటి నుంచి కుడి మడమ లోపలి అంచున నొప్పి వస్తోంది. ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముక కొద్దిగా పెరిగిందన్నారు. మెత్తటి చెప్పులు వాడమని, పిక్కలను సాగదీసే వ్యాయామాలు చేయమని చెప్పారు. శ్రద్ధగానే చేస్తున్నాను గానీ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు.

నాకు సందేహం కలిగించిన విషయం ఏమిటంటే, మా స్టాఫ్‌రూములో మడమ శూలతో బాధపడినవారు ఇద్దరు ముగ్గురున్నారు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతుందని, కాసేపు నడిచాక సర్దుకుంటుందని వారంతా ఒకే మాట చెబుతారు. నా పరిస్థితి అందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. నిద్ర లేచేసరికి కాలు తేలిగ్గా ఉంటుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులోకి వాహనాలను రానివ్వని వేళకు వెళ్లి హాయిగా నడిచి రాగలుగుతున్నాను. మధ్యాహ్నం దాటాక మడమ లోపలి పక్కన మంట మొదలవుతుంది, సాయంత్రానికి అది పెరుగుతుంది, రాత్రి పడుకుని కాలు చాపుకున్నాక కూడా అప్పుడప్పుడు చీలమండ దగ్గర నుంచి అరికాలిలోకి కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. ఎక్స్‌రేలో కనిపించిన ఎముక ఎక్కడికీ పోదు కదా, మరి పొద్దున లేని నొప్పి సాయంత్రం ఎందుకు వస్తుందన్నది నా ప్రశ్న.

ఇది నరానికి సంబంధించిన నొప్పి కావచ్చా? అయితే ఏ లక్షణాలను గమనించాలి, ఏ పరీక్షలు అవసరమవుతాయి, ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లాలా నరాల డాక్టరు దగ్గరకా? మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే ఒక్కసారిగా పోతుందని బంధువులు తొందరపెడుతున్నారు. గత ఏడాది రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6.1 వచ్చిందని కూడా ఇక్కడ చెప్పడం మంచిదనుకుంటున్నాను. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: ఫిజియోథెరపిస్టు, గాజువాక

టీచరుగారికి నమస్కారం. కాలును చేత్తో పట్టి చూడకుండా రోగ నిర్ణయం చేయడం సాధ్యం కాదు. అయితే నొప్పి ఏ వేళ వస్తుందో, ఎలా ఉంటుందో, ఎక్కడ ఉంటుందో ఈ మూడూ మీరు స్పష్టంగా రాశారు. మడమ నొప్పిలో సగం పరీక్ష ఈ మూడు వివరాలలోనే ఉంటుంది.

మీ సహోద్యోగులు చెప్పినది అరికాలి పొర వాపుకు చెందిన లక్షణం. మడమ ఎముక అడుగు నుంచి వేళ్ల మొదళ్ల దాకా సాగే ఆ గట్టి పొరను ప్లాంటార్ ఫేషియా అంటారు. రాత్రంతా అది బిగుసుకుని ఉండి, మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగడం వల్ల పొద్దున పోటు పుడుతుంది. నాలుగడుగులు వేశాక తగ్గుతుంది. మడమ నొప్పులలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే కనుక ఎవరైనా ముందుగా దీనినే అనుమానిస్తారు, అందులో తప్పేమీ లేదు. నరం నొక్కుకుపోయినప్పుడు వచ్చే నొప్పి మాత్రం సాధారణంగా నిలబడే కొద్దీ, నడిచే కొద్దీ పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు, రాత్రి పక్క మీద కూడా వదలకపోవచ్చు. మంట, జివ్వుమని పాకడం, సూదులు గుచ్చినట్టు ఉండడం, తిమ్మిరి, మొద్దుబారడం అనే మాటలు రోగి నోటి నుంచి వాటంతట అవే వస్తున్నాయంటే నరం గురించి ఆలోచించవలసిందే. అరికాలి పొర నొప్పిని వర్ణించేవారు ఎక్కువగా పోటు, గుచ్చుడు, సలుపు అంటారు గానీ మంట అనడం తక్కువ.

ఇక నరం దారి సంగతి. కాలి వెనుక భాగం నుంచి దిగే టిబియల్ నరం చీలమండ లోపలి గుబ్బ వెనుకగా, ఒక బిగుతైన పట్టీ కింద నుంచి, రక్తనాళాలతోనూ వేళ్లను వంచే స్నాయువులతోనూ కలిసి పాదంలోకి ప్రవేశిస్తుంది. ఆ ఇరుకు దారిని టార్సల్ టనెల్ అంటారు. అక్కడ నరం నలిగితే వచ్చే బాధను 1962లో కెక్, లామ్ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా వర్ణించారు. ఆ దారి పరిసరాలలోనే నరం చీలుతుంది: ఒక శాఖ మడమ చర్మానికి, మిగిలిన రెండు పెద్ద శాఖలు అరికాలి లోపలి సగానికి, బయటి సగానికి వెళ్తాయి. బయటి సగానికి వెళ్లే శాఖ నుంచి ముందుగా పుట్టే సన్నని కొమ్మ మడమ ముందు భాగంలో అడ్డంగా సాగి, చిటికెన వేలిని బయటికి చాపే కండరం దాకా పోతుంది. దీని ఇరుకుపాటును వెలుగులోకి తెచ్చిన అమెరికా శస్త్రవైద్యుడు డోనాల్డ్ బాక్‌స్టర్ పేరు మీద దీనిని బాక్‌స్టర్ నరం అంటున్నారు. బొటనవేలి వైపు కండరం లోతు పొర అంచున ఇది నలుగుతుంది. పాదం లోపలికి ఒరిగి చదునుగా పడేవారిలో, గంటల తరబడి నిలబడేవారిలో, పరుగెత్తేవారిలో ఆ ఒత్తిడి పెరుగుతుంది.

ఏ శాఖ నలిగిందో దానిని బట్టి లక్షణాలు మారతాయి. టార్సల్ టనెల్ దగ్గర ప్రధాన నరమే నలిగితే అరికాలు, వేళ్లు కూడా తిమ్మిరెక్కుతాయి. మడమ చర్మానికి వెళ్లే శాఖ అయితే మడమ లోపలి పక్క, అడుగు భాగం మంటగా, మొద్దుగా ఉంటాయి. బాక్‌స్టర్ నరం మడమ చర్మానికి స్పర్శనివ్వదు కాబట్టి అది నలిగినా చర్మం మొద్దుబారదు. మడమ లోపలి అంచున లోతైన మంట, నొక్కితే ప్రాణం మీదికి వచ్చే ఒక చోటు, చిటికెన వేలిని పక్కకు చాపడంలో బలహీనత మాత్రమే ఉంటాయి. తిమ్మిరి లేదు గనుక నరం కాదని కొట్టిపారేయడం ఈ ఒక్క సందర్భంలో సరికాదు. దీనిని అరికాలి పొర నొప్పిగా పొరబడడం కూడా ఇందువల్లే ఎక్కువ. రెండూ కలిసి ఉండేవారూ ఉంటారు, ఎందుకంటే వాచి మందమైన పొర పక్కనున్న నరాన్ని నొక్కగలదు.

ఇంట్లో మీరు చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. నొప్పి ఉన్న సమయంలో ఒక్క వేలితో ఆ చోటును చూపించగలరేమో చూడండి. అరికాలి పొర నొప్పి మడమ అడుగున, కాస్త లోపలి వైపు ముందుకు ఉంటుంది. నరం నొప్పి చోటు తరచుగా దానికంటే పైన, మడమ పక్క గోడ మీద ఉంటుంది. కళ్లు మూసుకుని, రెండు పాదాలను ఒకే చోట దూదితో తాకించుకుని స్పర్శలో తేడా ఉందేమో గమనించండి. చీలమండ లోపలి గుబ్బ వెనుక వేలి కొనతో మెల్లగా తట్టినప్పుడు అరికాలిలోకి జివ్వుమని పాకితే దానిని టినెల్ సంకేతం అంటారు. అది డాక్టరుకు తప్పక చెప్పవలసిన విషయం. అలా పాకనంత మాత్రాన నరం బాగున్నట్టు కాదు.

ఎముక పెరిగింది అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మన ఊళ్లో అది అవసరానికి మించి చలామణి అవుతోందని నా అభిప్రాయం. ఎక్స్‌రేలో మడమ ముల్లు కనిపించినవారిలో ఏ నొప్పీ లేనివారు ఎందరో ఉన్నారు. ఆ ఫిల్మును పట్టుకుని నొప్పికి కారణం తేల్చడం కుదరదు.

సమాధానం: ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

పైన ఫిజియోథెరపిస్టుగారు పాదంలోని నరాల గురించి చెప్పారు. నా అనుభవం వేరు కాబట్టి రాస్తున్నాను; వైద్యుణ్ణి కాను. నాకు మడమ వెనుక భాగం, పాదం బయటి అంచు మండుతూ ఉండేవి. అక్కడ నొక్కితే ఏమీ తెలిసేది కాదు, వాపూ లేదు. పరీక్షించిన ఎముకల వైద్యుడు పాదాన్ని కొద్దిసేపే చూసి, నన్ను మడమలు ఎత్తి వేళ్ల మీద నిలబడి నడవమన్నారు. ఎడమ కాలు లేవడానికి మొరాయించింది. తర్వాత చీలమండ వెనుక స్నాయువు మీద చిన్న సుత్తితో కొట్టి చూస్తే కుడివైపు పాదం ఎగిరినట్టు ఎడమవైపు ఎగరలేదు. కారణం నడుములో ఉందని, ఎస్1 అనే నరం వేరు డిస్కు కింద నలుగుతోందని అప్పుడు చెప్పారు. నడుము ఎంఆర్ఐ ఆ మాటను నిర్ధారించింది.

దీనిని అనుమానించడానికి నాకు చెప్పిన గుర్తులు ఇవి: నొప్పి పిరుదు నుంచి తొడ వెనుకగా, పిక్క మీదుగా మడమకు దిగడం, దగ్గినా తుమ్మినా పెరగడం, నిలబడినప్పటికంటే ఎక్కువసేపు కూర్చున్నప్పుడు బాధించడం. అయితే నా విషయంలో నడుము నొప్పి దాదాపు లేదు, అందుకే ఎవరికీ స్ఫురించలేదు. వయసు పైబడినవారి నడుము ఎంఆర్ఐలో ఏ నొప్పీ లేకపోయినా డిస్కు ఉబ్బులు కనిపిస్తాయని కూడా ఆ డాక్టరుగారే చెప్పారు కాబట్టి, పరీక్షలో బలహీనతో, తగ్గిన స్పర్శో కనిపించకుండా నేరుగా స్కానింగుకు పరుగెత్తమని ఎవరికీ సలహా ఇవ్వను.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పారు. రెండు కాళ్లూ బలహీనపడడం, కూర్చునే భాగం మొద్దుబారడం, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం జరిగితే అది ఓపీ చీటీ కోసం మర్నాటి దాకా ఆగే విషయం కాదు. ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సమాధానం: విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు, సీతమ్మధార

టీచరుగారు హెచ్‌బీఏ1సీ 6.1 అని రాయడం మంచిదైంది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా లెక్క. ఆ దశలో కూడా కొందరికి పాదాల నరాలు దెబ్బతినడం మొదలవుతుంది. కానీ మధుమేహం వల్ల వచ్చే నరాల జబ్బు సాధారణంగా రెండు పాదాలలోనూ ఒకేలా, వేళ్ల కొసల నుంచి మొదలై మేజోడు తొడిగిన మేర పైకి పాకుతుంది. ఒక్క మడమ లోపలి అంచుకే పరిమితమైన నొప్పిని షుగరు ఖాతాలో వేయడం తొందరపాటే అవుతుంది. ఆ పరీక్ష చేయించి ఏడాది అయింది కాబట్టి మళ్లీ చేయించండి. దానితో పాటు విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించడం మంచిది. శాకాహారులలోనూ, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రను ఏళ్ల తరబడి వాడుతున్నవారిలోనూ బీ12 తగ్గడం సాధారణమే.

ఈ చర్చలో ఎవరూ ప్రస్తావించని మరో కారణం కుష్ఠు. చీలమండ లోపలి గుబ్బ వెనుక ఉండే ఈ టిబియల్ నరం ఆ వ్యాధి తరచుగా పట్టే నరాలలో ఒకటి. నరం తాడులా లావెక్కడం, అరికాలు మొద్దుబారడం, ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చలు ఉండడం దాని గుర్తులు. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక రోగి కంటే తక్కువ అన్న నిర్మూలన స్థాయికి చేరుకున్నా కొత్త రోగులు కనిపిస్తూనే ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి మందులు ఉచితం. టీచరుగారి లక్షణాలు అలా లేవు; చదివే మరొకరికి ఉపయోగపడవచ్చునని రాశాను.

ఎవరి దగ్గరకు వెళ్లాలన్న ప్రశ్నకు నా సమాధానం: ముందుగా ఎముకల వైద్యుని దగ్గరకే వెళ్లండి, అయితే ఇక్కడ రాసినట్టు వేళల వారీగా లక్షణాలను కాగితం మీద రాసుకుని వెళ్లండి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల విభాగం, నరాల విభాగం రెండూ ఉన్నాయి కనుక అవసరమైతే ఒక చోటి నుంచి మరొక చోటికి పంపడం సులువు. నరంలో విద్యుత్ సంకేతం ఎలా సాగుతుందో చూసే నరాల వాహక పరీక్ష టార్సల్ టనెల్ విషయంలోనూ, నడుము నుంచి వచ్చే నొప్పిని వేరు చేయడంలోనూ సాయపడుతుంది. బాక్‌స్టర్ నరం చాలా సన్నది కావడం వల్ల అది నలిగినా ఆ పరీక్ష మామూలుగానే రావచ్చు. నలుగుడు చాలాకాలం కొనసాగితే చిటికెన వేలి కండరం క్షీణించి కొవ్వుగా మారడం ఎంఆర్ఐలో కనిపిస్తుంది.

ఇంజెక్షన్ విషయంలో బంధువుల తొందరను పక్కన పెట్టండి. కారణం తేలిన తర్వాత, వీలైతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సరైన చోట వేస్తే అది ఉపయోగపడే చికిత్సే. కారణం తెలియకుండా మడమలో పదే పదే వేయిస్తే అక్కడి కొవ్వు మెత్త పలచబడడం, అరికాలి పొర తెగడం వంటి నష్టాలున్నాయి. పైగా స్టెరాయిడ్ కొద్ది రోజుల పాటు షుగరును పెంచుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నరం మంట మీద అంతగా పనిచేయవు, ఎక్కువ రోజులు వాడితే కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డులాక్సెటిన్ వంటివి మత్తును, కళ్లు తిరగడాన్ని కలిగించగలవు. డాక్టరు రాసిన మోతాదులోనే మొదలుపెట్టాలి, ఆపేటప్పుడు కూడా చెప్పి ఆపాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన: లెక్కల టీచరు, ఎంవీపీ కాలనీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెప్పినట్టు చూసుకున్నాను. దూది స్పర్శ రెండు పాదాలకూ ఒకేలా ఉంది. నొప్పి చోటు మడమ అడుగున కాకుండా లోపలి పక్కన, బొటనవేలి వైపు కండ మొదలయ్యే చోట ఉంది; అక్కడ గట్టిగా నొక్కితే మంట అరికాలి బయటి వైపుకు పాకుతోంది. కుడి చిటికెన వేలు పక్కకు కదలడం లేదు. వేళ్ల మీద నిలబడడంలో ఇబ్బంది లేదు, నడుము నొప్పి లేదు. ఆ కదలని వేలిని చూసి కాస్త భయపడ్డానన్నది నిజం.

మరో రెండు చిన్న సందేహాలు. పొద్దుటి నడకలో చెప్పులు విప్పి నీటి అంచున తడి ఇసుక మీద నడవడం, రాత్రి ఉప్పు వేసిన వేడినీళ్లలో కాలు ఉంచడం కొనసాగించవచ్చా? ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేయడం మా ఇంట్లో ఆనవాయితీ; వచ్చే ఏడాదికి కూడా నొప్పి ఇలాగే ఉంటే చేయవచ్చా?

సమాధానం: ఫిజియోథెరపిస్టు, గాజువాక

చిటికెన వేలిని చూసి భయపడకండి. ఏ జబ్బూ లేనివారిలో కూడా చాలామందికి ఆ వేలిని విడిగా చాపడం రాదు. ఎడమ చిటికెన వేలు చక్కగా కదులుతూ కుడిది మాత్రమే కదలకపోతేనే దానికి విలువ. ఎడమ సంగతి మీరు రాయలేదు. రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే డాక్టరుకు చెప్పండి. మిగిలినవన్నీ కలిపి చూస్తే బాక్‌స్టర్ నరాన్ని ప్రత్యేకంగా పరీక్షించమని అడగడానికి మీ దగ్గర తగిన ఆధారం ఉందని నా అభిప్రాయం.

అప్పటిదాకా చేయదగినవి: బడిలో పూర్తిగా చదునైన పలచటి చెప్పులకు బదులు మడమను గట్టిగా పట్టుకునే, అరికాలి వంపుకు లోపలి వైపు ఆసరా ఇచ్చే బూట్లు వేసుకోండి, పాదం లోపలికి ఒరగడం తగ్గితే నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఆసరా మరీ గట్టిగా ఉండి సరిగ్గా నొప్పి చోటునే నొక్కితే మంట పెరుగుతుంది కాబట్టి కొనేముందు కాసేపు వేసుకుని నిలబడి చూడండి. లెక్కలు చేయిస్తున్నప్పుడైనా కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చోండి. పిక్కలు సాగదీయడం మానవద్దు, కానీ జివ్వుమనేంత దూరం లాగవద్దు. అరికాలి కింద బంతినో సీసానో దొర్లించే వ్యాయామం పొర నొప్పికి మంచిదే. మీరు చూపిన చోట మాత్రం దానిని ఆపేయండి. శస్త్రచికిత్స లేకుండానే చాలామందికి తగ్గుతుంది. నెలల తరబడి ఇవన్నీ చేసినా తగ్గనివారికే నరాన్ని నొక్కుతున్న పొరను విడదీసే ఆపరేషను గురించి ఆలోచిస్తారు.

నీటి అంచున ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది. దాని మీద నడిచినప్పుడు ఎగువన ఉన్న కాలు లోపలికి ఒరుగుతుంది. మీకు వద్దనుకుంటున్నది సరిగ్గా అదే. ఆర్కే బీచ్ పేవ్‌మెంటు మీద బూట్లతో నడవండి. వేడినీళ్లు నరాన్ని బాగుచేయవు, హాయి మాత్రం ఇస్తాయి. స్పర్శ మామూలుగా ఉంది కాబట్టి మోచేతితో వేడి చూసుకుని గోరువెచ్చగా వాడవచ్చు. తిమ్మిరి మొదలైతే మానేయాలి, ఎందుకంటే కాలినా తెలియదు.

గిరిప్రదక్షిణ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. కొండ దిగువన మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మళ్లీ అక్కడికే చేరేసరికి సుమారు 32 కిలోమీటర్లు, అదీ ఎక్కువమంది చెప్పులు లేకుండా, తారు రోడ్డు మీద. నిలబడితేనే మండుతున్న నరానికి అది తగదు. వచ్చే ఆషాఢానికి రోజంతా బడిలో నిలబడినా సాయంత్రం మంట లేని స్థితికి చేరుకుంటే అప్పుడు ముందుగా కొన్ని వారాలు దూరం పెంచుకుంటూ నడిచి, బూట్లతో బయలుదేరవచ్చు. లేకపోతే ఇంట్లోవారు ప్రదక్షిణ చేసి వచ్చే వేళకు మీరు ఘాట్ రోడ్డు బస్సులో కొండ మీదికి చేరుకుని వారితో కలిసి దర్శనం చేసుకోండి.